డీటీపీ షాపు హార్డ్ డిస్క్ "ఫార్మాట్ చెయ్యండి" అంటోంది, పేజీమేకర్ ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, కాస్త హెల్ప్ చెయ్యండి

తణుకు_బుల్లోడు:

అందరికీ నమస్కారం అండి. మా నాన్నగారికి తణుకులో డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఈ మధ్య ఫ్లెక్సీ డిజైన్లు కూడా చేస్తున్నారు. షాపు పనంతా ఒకే ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంటుంది, పేజీలు కూర్చే పేజీమేకర్ ఫైళ్ళు, బొమ్మలు గీసే కోరెల్‌డ్రా ఫైళ్ళు, కస్టమర్ల ఫోటోలు, దేవుడి బొమ్మల కలెక్షన్, అన్నీ. మొన్న అందులోకి ఏదో కాపీ అవుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి సిస్టమ్ కూడా టప్పున ఆగిపోయింది. కరెంటు వచ్చాక డిస్క్ పెడితే "డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా" అని బాక్స్ వస్తోంది. క్యాన్సిల్ కొట్టాం, ఇంకేం చెయ్యలేదు.

ఇక్కడ ఒక కంప్యూటర్ షాపాయన "ఇచ్చెయ్యండి, ఫార్మాట్ కొట్టి సాఫ్ట్‌వేర్ పెట్టి మొత్తం లాగేస్తా" అంటున్నాడు. ఫార్మాట్ కొట్టాక ఎలా లాగుతాడో నాకైతే అర్థం కావట్లేదు. అసలు సమస్య ఏంటంటే మా ఊరి మాస్టారు ఒకాయన రాసుకున్న పద్యాల పుస్తకం కూడా అందులోనే ఉంది, రెండు వందల పేజీల పైనే, ప్రూఫులు కూడా దిద్దేశారు, వచ్చే నెల ఆవిష్కరణ పెట్టుకున్నారు. నాన్నగారు ఆయనకి ఇంకా చెప్పలేదు, చెప్పే ధైర్యం చాలట్లేదు. నేను బెంగళూరులో జాబ్, కంప్యూటర్ వాడటం వచ్చు గానీ ఈ రికవరీ గోల తెలీదు. ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెప్పండి ప్లీజ్.

లైనక్స్_లక్ష్మి:

క్యాన్సిల్ కొట్టి మంచి పని చేశారు. ఇప్పటికి ఒకటే రూలు, ఆ డిస్క్‌లోకి ఇక ఒక్క బైట్ కూడా రాయకూడదు. ఫార్మాట్ వద్దు, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ వద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్ అందులోకే ఇన్‌స్టాల్ చెయ్యడం అసలే వద్దు.

చెక్‌డిస్క్ ఎందుకు వద్దంటున్నానంటే చాలామంది మొదట చేసేది అదే. దాని పని మీ ఫైళ్ళని కాపాడటం కాదు, ఏ ఫైల్ ఎక్కడుందో రాసి ఉండే ఫైల్ సిస్టమ్‌ని ఎలాగోలా నిలబెట్టడం. లెక్క కుదరని ఎంట్రీలు కనబడితే తీసేస్తుంది, తెగిపోయిన ముక్కల్ని ఫౌండ్ 000 అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఎక్స్‌టెన్షన్‌తో పడేస్తుంది, ఏ ముక్క ఏ ఫైల్‌దో మీరే వెతుక్కోవాలి. పైగా డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు, అంటే చదవడానికి రాని చిన్న ముక్కలు ఉంటే ఆ స్కాన్‌కే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు.

ముందు తేలిక సంగతులు చూసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్కులకి ఉండే ఆ వెడల్పాటి కేబుల్ పిన్ను లూజ్ అవడం చాలా మామూలు. ఇంకో కేబుల్‌తో, సీపీయూ వెనకాల ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి, ముందు పోర్టుల్లో ఒక్కోసారి పవర్ చాలదు. ఆ తర్వాత ఈ మూడు చెప్పండి.

డిస్క్ చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ మని కొట్టుకుంటోందా, లేక మామూలుగా తిరుగుతున్న శబ్దమేనా? డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు కరెక్టుగా 931 జీబీ చూపిస్తోందా, ఫైల్ సిస్టమ్ దగ్గర ఏముంది? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్ సిస్టమ్‌లో వేసి చూస్తే హెల్త్ బ్లూనా, ఎల్లోనా, రెడ్డా?

టిక్ టిక్ మంటుంటే మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే కేబుల్ పీకేయండి.

రాకెట్_రాజా:

బ్రో రెకూవా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి డీప్ స్కాన్ పెట్టు, అరగంటలో వచ్చేస్తాయి. అది కూడా పనిచెయ్యకపోతే జిప్‌లాక్ కవర్లో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి తీసి వెంటనే కాపీ చేసుకో, మా ఫ్రెండ్‌కి వర్కవుట్ అయింది.

పార్క్‌లేన్_రిపేర్:

రాజా తమ్మీ, ఆ ఫ్రీజర్ ముచ్చట ఇంకెన్నేండ్లు చెప్తరు. ఎప్పుడో పాతకాలం డిస్కులల్ల చదివే హెడ్డు లోపల తిరిగే ప్లాటర్‌కు అతుక్కుంటే చల్లబడి ఊడేదని పుట్టిన కథ అది. ఇప్పటి డిస్కుల హెడ్డుకు ప్లాటర్‌కు నడుమ ఉండే సందు నానోమీటర్లల్ల ఉంటది, ఫ్రీజర్ల నుంచి బయటికి తీయంగనే లోపల తేమ పడ్తది, గా తేమ మీద హెడ్డు తిరిగితే గీతలే. నా దగ్గరికి గట్ల ఫ్రీజర్ల పెట్టి తెచ్చినోళ్ళు ఉన్నరు, ఒక్కటి కూడ బతికి బయటపడలె.

రెకూవా మంచిదే, కాదనను. కానీ అది డిలీట్ అయిన ఫైళ్ళకు పనికొస్తది, గది కూడ డిస్క్ మంచిగున్నప్పుడు. పాడైతున్న డిస్క్ మీద డీప్ స్కాన్ పెడితే ఒక్క చెడ్డ సెక్టార్ కాడ్నే మళ్ళ మళ్ళ చదువుకుంట కూసుంటది.

తణుకు తమ్ముడూ, ఆ షాపాయన చెప్పింది పూర్తిగ తప్పు కాదు గానీ బుద్ధి ఉన్న పని అయితే కాదు. క్విక్ ఫార్మాట్ కొడితే డేటా మొత్తం పోదు, పాత అడ్రస్ పుస్తకం మీద కొత్తది రాస్తది అంతే. అందుకే ఫార్మాట్ చేసినంక కూడ కొన్ని ఫైళ్ళు లేస్తయి, గది చూసి గా మాట అంటున్నడు. కానీ ఆ పుస్తకంల ముందు పేజీలు పోతయి గద, ఫైల్ పేర్లు, ఫోల్డర్లు గల్లంతు. ఇగ ఫుల్ ఫార్మాట్ కొట్టిండా, విస్టా నుంచి ఇటు విండోస్ మొత్తం డిస్క్ మీద సున్నాలు రాస్తది, ఇగ ఏ ల్యాబ్ ఏం చెయ్యలేదు. ఎవ్వరికిచ్చినా "ముందు క్లోన్ తీస్తవా", అంటే డిస్క్ మొత్తానికి నకలు తీస్తవా అని ఒక్క మాట అడుగు. తీయనన్నోనికి ఇయ్యకు.

తణుకు_బుల్లోడు:

థాంక్యూ అండి అందరికీ. శని ఆదివారాలకి ఊరొచ్చాను, ఇక్కడ్నించే రాస్తున్నా. కేబుల్ మార్చినా అదే బాక్స్. శబ్దం ఏం లేదు, మామూలుగానే తిరుగుతోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 931 జీబీ కరెక్టుగానే ఉంది కానీ ఫైల్ సిస్టమ్ దగ్గర "రా" (RAW) అని ఉంది, ఇదివరకు అక్కడ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉండేదనుకుంటా. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఎల్లో, కాషన్ అంటోంది. సి5 అనే లైన్లో కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ దగ్గర వరసగా సున్నాలు వచ్చి చివర్న 148 ఉంది. 05 దగ్గర మొత్తం సున్నాలే. అంటే 148 సెక్టార్లు పోయినట్టా?

లైనక్స్_లక్ష్మి:

ఆ టూల్ ఆ అంకెల్ని మామూలుగా హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది, కాబట్టి 148 అంటే మన లెక్కలో 328. భయపడకండి. పెండింగ్ అంటే "ఈ సెక్టార్ చదవలేకపోయాను, ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు" అని డిస్క్ పక్కన పెట్టుకున్నవి. 328 సెక్టార్లంటే ఒక్కోటి 512 బైట్ల చొప్పున నూట అరవై కేబీ చిల్లర, మీ డేటాలో లెక్కలోకి రాదు. కాకపోతే అవి ఎక్కడ పడ్డాయన్నదే అసలు విషయం. మీ కేసులో పార్టిషన్ మొదట్లో దాని వివరాలుండే బూట్ సెక్టార్ మీదో, ఫైళ్ళ చిట్టా ఉండే ఎంఎఫ్‌టీ మీదో పడి ఉంటాయి, అందుకే విండోస్‌కి అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అని గుర్తుపట్టడం రావట్లేదు, రా అంటోంది. ఫైళ్ళు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది డిస్క్ మొత్తాన్ని సెక్టార్ సెక్టార్ చొప్పున ఇంకో డిస్క్ మీదికి ఇమేజ్ తియ్యడం, తర్వాత ఏ ప్రయోగం చేసినా ఆ ఇమేజ్ మీదే చెయ్యడం. 2 టీబీ కొత్త డిస్క్ ఒకటి కొనండి, ఎలాగూ బ్యాకప్‌కి కావాలి కాబట్టి ఆ ఖర్చు వేస్ట్ కాదు. దాని ఫైల్ సిస్టమ్‌గా ఫ్యాట్32 మాత్రం పెట్టకండి, అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటదు, మీ ఇమేజ్ 931 జీబీ ఉంటుంది.

టూల్ పేరు గ్నూ డీడీరెస్క్యూ, పూర్తిగా ఫ్రీ. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచే సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాంతో బూట్ చెయ్యండి, అందులో డీడీరెస్క్యూ, రికవరీకి వాడే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ మూడూ ముందే ఉంటాయి. ఉబుంటు అయినా పర్లేదు గానీ అక్కడ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ అని ముందు ఇంకో జీ ఉంటుంది, కమాండ్ మాత్రం మామూలు పేరే. ఉబుంటులో ఇంకో చిక్కుంది, డిస్క్ పెట్టగానే తనంతట తనే మౌంట్ చెయ్యబోతుంది, అంటే తెరవబోతుంది, మనకి అది అక్కర్లేదు.

కమాండ్‌లో ముందు పాడైన డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైల్ పేరు, చివర్న ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వాలి. ఈ వరస తారుమారైతే ఖాళీ డిస్క్‌లోది వచ్చి పాత డిస్క్ మీద కూర్చుంటుంది, ఇక ఎవరూ ఏం చెయ్యలేరు. ఎంటర్ కొట్టే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో ఏ డిస్క్ ఏ పేరుతో ఉందో సైజు చూసి నిర్ధారించుకోండి, మీ పక్కన ఇంకొకరు ఉంటే వాళ్ళచేత కూడా చదివించండి. మొదటి రౌండ్ మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడపండి, తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది, మొండికేసిన చోట ఆగిపోకుండా దాటేసి వెళ్తుంది. రెండో రౌండ్ అదే మ్యాప్‌ఫైల్‌తో మైనస్ డి, మైనస్ ఆర్ 3 పెట్టి నడిపితే మిగిలిపోయిన చోట్లకి మాత్రమే వెళ్ళి మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. ఈ మ్యాప్‌ఫైలే దీని గొప్ప. మధ్యలో మళ్ళీ కరెంటు పోయినా అదే కమాండ్ మళ్ళీ కొడితే ఆగిన చోట్నించే మొదలవుతుంది. యూపీఎస్ బ్యాటరీ సంగతి కూడా చూడండి ఈలోగా.

యూఎస్‌బీ 3 అయితే అంతా బాగుంటే మూడు నాలుగు గంటలు, పాత యూఎస్‌బీ 2 పోర్ట్ అయితే ఒక రాత్రి పడుతుంది. బ్యాడ్ ఏరియాలో స్పీడు కేబీల్లోకి పడిపోతే కంగారు పడకండి. శబ్దం మారితే మాత్రం ఆపేసి ఇక్కడ చెప్పండి.

అమలాపురం_అమ్మాయి:

అన్నయ్యలూ అక్కలూ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా ఇలాంటిదే. లాప్‌టాప్‌లో మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోల ఫోల్డర్ షిఫ్ట్ డిలీట్ అయిపోయింది, ఎస్‌ఎస్‌డీ అండి. ఫోటోరెక్ వేస్తే వస్తాయా?

లైనక్స్_లక్ష్మి:

ఎస్‌ఎస్‌డీ కథ వేరమ్మా. హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేసినా దాని మీద ఇంకోటి రాసేదాకా పాతది అక్కడే పడి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ కొట్టగానే విండోస్ ట్రిమ్ అని ఒక కమాండ్ పంపుతుంది, ఆ జాగాలు నాకిక అక్కర్లేదు అని, ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ తీరిక దొరికినప్పుడు లోపల్లోపలే తుడిచేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌తో చదివినా సున్నాలే వస్తాయి. కాబట్టి అటు ఆశ పెట్టుకోకుండా ఫోటోలు ఇంకెక్కడికి వెళ్ళి ఉండొచ్చో వెతకండి. లాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే వెబ్‌సైట్‌లో దాని రీసైకిల్ బిన్ చూడండి, 30 రోజులు ఉంచుతుంది. ఫోన్‌తో తీసినవైతే గూగుల్ ఫోటోస్ ట్రాష్ చూడండి, బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి. కెమెరాతో తీసినవైతే ఆ మెమరీ కార్డు బయటికి తీసి పక్కన పెట్టండి, మళ్ళీ ఫోటోలు తియ్యకండి, కార్డుల మీద ఫోటోరెక్ బాగా పనిచేస్తుంది. వాట్సాప్‌లో చుట్టాలకి పంపించి ఉంటే వాళ్ళ ఫోన్లు కూడా.

అమలాపురం_అమ్మాయి:

కెమెరా కార్డు అలాగే ఉందండి, ఆ తర్వాత దాంతో ఏం తియ్యలేదు!! ఇప్పుడే చూస్తా. చాలా థాంక్స్ అక్కా.

తణుకు_బుల్లోడు:

అప్‌డేట్ ఇస్తున్నా. ఇమేజ్ అయిపోయింది, రెండో రౌండ్ కూడా అయ్యాక 99.99 శాతం అంటోంది, ఇంకో కొంచెం మిగిలిపోయింది. అసలు డిస్క్ పీకేసి బీరువాలో పెట్టేశాం.

ఇమేజ్ మీద ముందు ఫోటోరెక్ నడిపాను, ఓ ఫోటోల వరద. కానీ అన్నీ ఎఫ్ అని అక్షరం, పక్కన అంకెలు, రెకప్ డైర్ 1, 2, 3 అని ఫోల్డర్లు, ఏ ఫైల్ ఎవరిదో తెలీదు. నాన్నగారైతే "సుబ్బారావు గారి పెళ్ళి ఫైనల్ ఫైనల్ 2" అని పేరు ఉంటే తప్ప ఏదీ గుర్తుపట్టలేరు. పేర్లతో సహా వచ్చే మార్గం ఏమైనా ఉందా?

లైనక్స్_లక్ష్మి:

ఉంది, ఫోటోరెక్ చివరి ఆప్షన్‌గా ఉంచుకోవాల్సింది. అది ఫైల్ సిస్టమ్‌ని అసలు పట్టించుకోదు, ప్రతి ఫైల్ మొదట్లో ఉండే గుర్తు బైట్లు పట్టుకుని కోస్తూ పోతుంది. పేరు, ఫోల్డర్ అనేవి ఫైల్ లోపల ఉండవు కాబట్టి దానికి తెలిసే దారే లేదు. మీకు ఫోల్డర్లు పోతే ఇంకో దెబ్బ కూడా ఉంది. పేజీమేకర్‌లో పెట్టిన పెద్ద బొమ్మలు ఫైల్ లోపల ఉండకుండా బయట లింక్‌గా ఉంటాయి కదా, పేర్లు మారిపోతే ఆ లింకులన్నీ తెగుతాయి.

ఇమేజ్‌ని టెస్ట్‌డిస్క్‌లో తెరవండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో బూట్ సెక్టార్‌కి ఒక కాపీ పార్టిషన్ చిట్టచివరి సెక్టార్లో ఉంటుంది, ఎంఎఫ్‌టీలో మొదటి నాలుగు ఎంట్రీలకి కూడా వేరేచోట మిర్రర్ ఉంటుంది, ఇలాంటి రోజు కోసమే పెట్టారు. అడ్వాన్స్‌డ్‌లో బూట్ అనే చోటికి వెళ్తే అసలు బూట్ సెక్టార్ బాగుందా, బ్యాకప్ బాగుందా అన్నది చూపిస్తుంది. బ్యాకప్ ఓకే అంటే దాన్ని ముందుకి కాపీ చెయ్యమనండి, ఇమేజ్ మీదే కాబట్టి భయం లేదు. ఆ తర్వాత లిస్ట్ కొడితే ఫోల్డర్లు కనబడాలి. టెస్ట్‌డిస్క్ నల్ల స్క్రీన్ చూసి చిరాకొస్తే విండోస్‌లో డీఎండీఈ అనే టూల్ వాడండి, దాని ఫ్రీ వెర్షన్‌లో ఒక్కసారికి 4000 ఫైళ్ళ లిమిట్ ఉంది గానీ ఒక్కో ఫోల్డర్ తీసుకుంటూ పోతే మీ పని అయిపోద్ది.

తణుకు_బుల్లోడు:

అక్కా దండాలు మీకు!!! బ్యాకప్ బూట్ సెక్టార్ ఓకే అని వచ్చింది, కాపీ చేశాక ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనబడుతున్నాయి. మొత్తం కొత్త డిస్క్‌లోకి లాగేశా. మాస్టారి పుస్తకం ఫోల్డర్ ఉంది, సైజు కూడా ఉంది.

కానీ ఒక బాధ. ఆ ఫైల్ నా లాప్‌టాప్‌లో పేజీమేకర్ వేసి తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు, పైన చుక్కలున్న అక్షరాలు, పిచ్చి గీతలు. ఫైల్ కరప్ట్ అయినట్టేనా? నాన్నగారికి ఇంకా చూపించలేదు.

డీటీపీ_పాతకాపు:

బాబూ కంగారు పడకు, ఫైల్ భేషుగ్గా ఉంది. నీ లాప్‌టాప్‌లో తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు లేవు, అంతే.

మీ తరానికి తెలీదు గానీ తెలుగు అక్షరాలకి సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ రాకముందు మేం టైప్ చేసినదంతా కంప్యూటర్ దృష్టిలో ఇంగ్లీషు అక్షరాలే. అను ఫాంట్‌లో ఫలానా ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట తెలుగు ముక్క బొమ్మ పెట్టి ఉంటుంది, తలకట్టు ఒకటి, కొమ్ము ఒకటి, ఒత్తు ఇంకోటి. ఆ ఫాంట్ సిస్టమ్‌లో లేకపోతే కంప్యూటర్ వేరే ఫాంట్ పెట్టి అసలు అక్షరాలు చూపించేస్తుంది, అదే నువ్వు చూస్తున్న చెత్త. మీ నాన్నగారి షాపు సిస్టమ్‌లోనే తెరువు, పద్యాలన్నీ యతిప్రాసలతో సహా కనబడతాయి. తెరిచేటప్పుడు ఫాంట్ మార్చమంటావా అని పేజీమేకర్ అడిగితే ఊరికే ఓకే కొట్టేసి సేవ్ చెయ్యకు, ఫాంట్లు మారిపోయి కూర్చుంటాయి. ఏ వెర్షన్ అనుతో టైప్ చేశారో ఆ వెర్షనే ఉండాలి.

దీన్నిబట్టి అర్థమయ్యేది ఏంటంటే డీటీపీ వాళ్ళకి ఫైళ్ళు ఒక్కటే బ్యాకప్ తీస్తే సరిపోదు. ఫాంట్ల ఫోల్డర్, అను సెటప్, దాని లైసెన్స్ తాలూకు సరంజామా, పేజీమేకర్ సెటప్, అన్నీ పక్కన పెట్టుకోవాలి. పేజీమేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత వెర్షన్ లేదు, అడోబ్ వాళ్ళు ఇన్‌డిజైన్‌కి వెళ్ళిపోయారు, మనమే ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. రేపు మన పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ పోతే ఫైల్ ఉన్నా తెరిచే దిక్కుండదు. అందుకే నేను ఏ పని పూర్తయినా ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీసి అదే ఫోల్డర్లో పడేస్తా. పీడీఎఫ్ ఫోన్లో కూడా తెరుచుకుంటుంది, కనీసం ఎదురుగా పెట్టుకుని మళ్ళీ టైప్ చేయించుకోవచ్చు. పుస్తకాలైతే యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసి ఒక కాపీ కూడా ఉంచుతా. కన్వర్టర్లు ఒత్తుల దగ్గర అక్కడక్కడా తప్పులు చేస్తాయి, పద్యాలైతే మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే.

తణుకు_బుల్లోడు:

షాపు సిస్టమ్‌లో తెరిచాం, వచ్చేసింది!! మాస్టారికి ఫోన్ చేసి ఏం జరగనట్టే "కవర్ పేజీ ఎప్పుడిస్తారు" అని అడిగారు నాన్నగారు 😄

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఒకటి, ఆ చదవలేకపోయిన కొంచెం ఏ ఫైళ్ళలో పడిందో తెలుసుకోవచ్చా? రెండు, ఇకమీదట బ్యాకప్ ఎలా పెట్టాలి? నాన్నగారికి 61 ఏళ్ళు, ఆయనకి కష్టమైనదేదీ నడవదు.

లైనక్స్_లక్ష్మి:

మొదటిదానికి ఒక చిట్కా ఉంది. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఉంటుంది, చదవలేకపోయిన జాగాల్లో ఇమేజ్ మీద ఖాళీ బదులు మనం ఇచ్చిన ఏదో ఒక విచిత్రమైన మాట నింపుతుంది. ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసుకుని దాని మీద చెయ్యండి. తర్వాత అందులోంచి ఫైళ్ళు మళ్ళీ లాగి, ఏ ఫైళ్ళలో ఆ మాట ఉందో గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో చూస్తే దెబ్బతిన్నవాటి లిస్టు వచ్చేస్తుంది. చాలాసార్లు ఖాళీ జాగాలోనో, ఎప్పటివో ఫ్లెక్సీ బొమ్మల్లోనో పడి ఉంటాయి.

డల్లాస్_బ్యాచిలర్:

రెండోదానికి నా సలహా, నెట్‌వర్క్‌కి తగిలించే ఒక రెండు డిస్కుల నాస్ బాక్స్ కొని, రెండింట్లోనూ ఒకటే రాసే రెయిడ్ 1 పెట్టెయ్యండి, ఒక డిస్క్ పోయినా ఇంకోటి ఉంటుంది, అన్నీ ఆటోమేటిక్, నాన్నగారు ఏం చెయ్యక్కర్లేదు. నేను ఇక్కడ అదే వాడుతున్నా.

పార్క్‌లేన్_రిపేర్:

డల్లాస్ అన్నా, నాస్ మంచిదే కానీ రెయిడ్‌ను బ్యాకప్ అనకు. ఫైల్ డిలీట్ చేస్తే రెండు డిస్కులల్ల ఒక్కపాలే పోతది. వైరస్ వస్తే రెండింట్లా వస్తది. డీటీపీ షాపుకు పొద్దున లేస్తె కస్టమర్లు పెన్‌డ్రైవులు పట్టుకొనే వస్తరు, ఎవని దాంట్ల ఏముందో దేవునికే తెలుసు. షార్ట్‌కట్ వైరస్ అయితే నయం, ఫైళ్ళు హిడెన్ అయితయి అంతే, యాట్రిబ్ కమాండ్ కొడితే మళ్ళ కనబడ్తయి. పైసలడిగే రాన్సమ్‌వేర్ వచ్చిందంటే సిస్టమ్‌కు తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్, నెట్‌వర్క్ ఫోల్డర్‌తోటి సహా తాళం వేస్కపోతది. తగిలించి లేని డిస్క్ ఒక్కటే బతుకుతది.

గందుకే రెండు మామూలు ఎక్స్‌టర్నల్ డిస్కులు తీస్కో. ఒకదాని మీద ఎర్ర స్టిక్కర్, ఒకదాని మీద పచ్చ స్టిక్కర్. ఒక వారం ఎర్రది, ఒక వారం పచ్చది. బ్యాకప్ అయినంక పీకి ఇంటికి తీస్కపోవాలె, షాపుల ఉంచొద్దు, షాపుకు షార్ట్ సర్క్యూట్ అయినా నీళ్ళొచ్చినా ఇంకోటి ఇంటికాడ ఉంటది. రోజూ నడిచే పని మాత్రం సిస్టమ్ లోపలి డిస్క్ మీదనే చెయ్యాలె, ఎక్స్‌టర్నల్ మీద డైరెక్టుగ పని చేసుడు బంద్ పెట్టమను, అసలు కథ మొదలైందే ఆడ. ఇగ పాత డిస్క్ ఎట్లున్నా సరే మళ్ళ వాడకు.

ఆన్‌లైన్ల టూ టీబీ పెన్‌డ్రైవ్ ఐదు వందలకే అని కనబడితే కొనకు ఇంకో ముచ్చట. అసలు ఉండేది 32 జీబీనో 64 జీబీనో, చూపించుడు మాత్రం టూ టీబీ. కాపీ అయినట్టే అయితది, తెరిస్తే ఏముండదు. ఏ కొత్త పెన్‌డ్రైవ్ అయినా హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ తోటి ఒక్కసారి నింపి చూస్కుంటే బండారం బయటపడ్తది.

డల్లాస్_బ్యాచిలర్:

సరే రెయిడ్ విషయంలో మీరన్నది కరెక్టే, కాదనను. కానీ 61 ఏళ్ళ మనిషి వారం వారం డిస్కులు మార్చుకుంటూ కూర్చుంటారా అన్నదే నా డౌట్. మనిషి మీద ఆధారపడే బ్యాకప్ రెండు నెలల్లో అటకెక్కుద్ది.

డీటీపీ_పాతకాపు:

ఎందుకు కూర్చోరు బాబూ, రోజూ సాయంత్రం గల్లా లెక్క చూసుకుని షట్టర్ దించే మనిషికి వారానికోసారి డిస్క్ మార్చడం ఓ లెక్కా. శనివారం అని ఒక రోజు పెట్టుకుంటే సరి. నా వయసు ఆయన కంటే ఎక్కువే.

క్లిక్కులు తగ్గించుకోవాలంటే ఫ్రీఫైల్‌సింక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి సెట్ చేసి డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టేస్తే డబుల్ క్లిక్ కొట్టడమే. అందులో మిర్రర్ అనేది చూసి పెట్టుకోండి, ఇక్కడ డిలీట్ అయింది అక్కడా డిలీట్ చేసేస్తుంది. వెర్షనింగ్ ఆన్ చేస్తే పాతవి వేరే ఫోల్డర్లోకి వెళ్తాయి. మన పేజీమేకర్ ఫైళ్ళు ఎంతుంటాయి, బొమ్మలు తీసేస్తే వందేళ్ళ శుభలేఖలు కూడా 15 జీబీలో పడతాయి, కాబట్టి ముఖ్యమైన ఫోల్డర్లు గూగుల్ డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉంచండి. జీమెయిలూ ఫోటోలూ కూడా ఆ 15లోనే పంచుకోవాలి, అందుకని షాపు కోసం వేరే అకౌంట్ తెరవడం మంచిది.

లైనక్స్_లక్ష్మి:

దీనికి ఒక్కటి కలుపుతా. నెలకోసారి బ్యాకప్ డిస్క్‌లోంచి ఏదో ఒక ఫైల్ తీసి వేరే సిస్టమ్‌లో తెరిచి చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీ డిలీట్ కొట్టేశాడు. వాళ్ళకి బ్యాకప్ పద్ధతులు ఐదు ఉన్నాయి, తీరా చూస్తే ఏదీ సరిగ్గా పనిచెయ్యట్లేదు, ఒకటైతే ఫెయిలవుతున్నట్టు మెయిల్ కూడా ఎవరికీ చేరట్లేదు. అంతకు ఆరు గంటల ముందు ఎవరో వేరే పని మీద చేత్తో తీసిన స్నాప్‌షాట్ కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. జరిగిందంతా దాచకుండా వాళ్ళే పబ్లిక్‌గా రాశారు.

తణుకు_బుల్లోడు:

ఎర్ర స్టిక్కర్, పచ్చ స్టిక్కర్ ఐడియా నాన్నగారికి తెగ నచ్చేసింది, డిస్క్ ఇంకా కొనకముందే స్టిక్కర్లు ప్రింట్ తీసేశారు. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చాం. ఆ ఫిల్ మోడ్ చేసి చూశా, దెబ్బతిన్నవి ఒక వినాయకచవితి ఫ్లెక్సీ, రెండు పాత ఎలక్షన్ కరపత్రాలు. ఎవరికీ అక్కర్లేనివే.

డీటీపీ_పాతకాపు:

మంచిది బాబూ. లక్ష్మి గారూ, ఈ సందట్లో నాదో ప్రశ్న. నా దగ్గర 2004 నుంచి రాసిన సీడీలు ఒక డబ్బా నిండా ఉన్నాయి, అన్నీ పాత పనులే. కొన్ని పెడితే డ్రైవ్ గుర్ గుర్ మంటూ తిరిగి ఎర్రర్ ఇస్తోంది. వీటికి కూడా మీ డీడీరెస్క్యూ పనిచేస్తుందా?

లైనక్స్_లక్ష్మి:

పనిచేస్తుందండి, అదే పద్ధతి. సీడీకి సెక్టార్ సైజు 2048 బైట్లు కాబట్టి మైనస్ బి 2048 అని ఒక్కటి కలపాలి. ఒక డ్రైవ్‌లో మొండికేస్తే అదే మ్యాప్‌ఫైల్ పెట్టుకుని ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో నడపండి, ఒక డ్రైవ్ చదవలేనివి ఇంకోటి చదువుతుంది, రెండూ కలిసి ఒకే ఇమేజ్ నిండుతుంది. ముందు మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. బాగా చదివేవాటితో మొదలుపెట్టండి, పాడైనవి చివర్న చూసుకోవచ్చు.